ధార ఏది మాస్టారూ?

సీతమ్మధారలో అల్లూరి సీతారామరాజు విగ్రహం ముందు మా పిల్లలు వరసగా నిలబడి ఫొటో దిగారు. పిల్లలు 26 మంది, ఉపాధ్యాయులం ఇద్దరం. తెల్లవారకముందే కొండ దిగి విశాఖపట్నం వచ్చాం. సముద్రం చూశాం, కైలాసగిరి ఎక్కాం. 2022 ఏప్రిల్ 4న మా మన్యం ఒక కొత్త జిల్లా అయి, ఆ జిల్లాకి ఎవరి పేరు పెట్టారో ఆయన విగ్రహాన్ని చూపించకుండా పిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళడం మాకు ఇష్టం లేకపోయింది. ఫొటో అయ్యాక ఎనిమిదో తరగతి కుర్రాడొకడు మా ఫోను తీసుకుని మ్యాపు తెరిచాడు. కాసేపు అటూ ఇటూ జరిపి, "మాస్టారూ, దీన్ని సీతమ్మధార అంటున్నారు కదా. మరి ధార ఏది?" అన్నాడు.

మేమూ చూశాం. ఆ పేరు మీద జనం పెట్టిన ఫొటోలు చాలా ఉన్నాయి. బిర్యానీ పళ్ళెం ఉంది, కింద నుంచి మెడ ఎత్తి తీసిన ఎత్తైన అపార్టుమెంటు ఉంది, ఫంక్షన్ హాలు పూలదండలు ఉన్నాయి, ఎవరో తమ బాల్కనీ నుంచి తీసిన సాయంత్రపు ఆకాశం ఉంది. ధార మాత్రం లేదు.

పట్నం పిల్లలకి ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. వాళ్ళకి సీతమ్మధార అంటే బస్సు స్టాపు, రైతుబజారు, గురుద్వారా జంక్షన్. మా పిల్లలకి ధార అంటే పొద్దున్నే బిందె పట్టుకుని వెళ్ళే చోటు. మా ఊళ్ళ పేర్లలో సగం గెడ్డల మీదా, ఊటల మీదా, చెట్ల మీదా పుట్టినవే. పేరులో నీళ్ళుంటే నేల మీద కూడా నీళ్ళుండాలి అని ఆ కుర్రాడి లెక్క. ఆ లెక్క తప్పని మేము చెప్పలేకపోయాం.

తర్వాత ఈ విషయం మీద మేము కొంత చదివాం, కొంత తిరిగాం. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

సింహాచలం కొండవరుస చుట్టూ ధార పేరుతో చోట్లు ఇంకా ఉన్నాయి. కొండమీద గుడి దగ్గర గంగధార. కొండకి దక్షిణపు అంచున మాధవధార. ఇటు సీతమ్మధార. మాధవధార, సీతమ్మధార ఇప్పుడు పట్నం పేటలు. కానీ పేర్లు పెట్టినవాళ్ళు పేటల్ని చూసి పెట్టలేదు, కొండ నుంచి దిగే నీళ్ళని చూసి పెట్టారు. సీతమ్మ పేరున్న నీళ్ళు ఇంకో చోట కూడా ఉన్నాయి. భద్రాచలం దగ్గర పర్ణశాలలో సీతమ్మ వాగు ఉంది. అదీ ఆదివాసుల నేలే.

ఈ కొండల రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైటు అని పేరు పెట్టారు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశాలో తిరుగుతూ, అక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద దానికా పేరు ఇచ్చాడు. ఖోండులంటే మా పక్క ఊళ్ళలో కువి మాట్లాడే మా చుట్టాలే. తూర్పు కనుమల్లో చాలాభాగం ఈ రాయే, విశాఖపట్నం కొండలూ ఈ రాయే. సీతమ్మధార అపార్టుమెంట్ల వెనక నిలబడ్డ కొండ కూడా మా వాళ్ళ పేరున్న రాయితోనే ఉందని పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళు నమ్మలేదు. ఈ రాయి పగుళ్ళలో వాన నీరు దిగి, కొండ అడుగున ఎక్కడో ఊటగా బయటికి వస్తుంది. ధారల రహస్యం అంతే.

మ్యాపు లేని రోజుల్లో ఈ కొండ చుట్టుకొలత జనం కాళ్ళకి తెలుసు. ఆషాఢ పౌర్ణమికి చేసే గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. అడవివరం తొలిపావంచా దగ్గర మొదలై, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం వైపు తిరిగి, సీతమ్మధార, మాధవధార దాటి, గోపాలపట్నం మీదుగా మళ్ళీ మొదటికి వస్తుంది. రాత్రంతా లక్షలమంది నడుస్తారు. ఒక్కరి చేతిలోనూ కాగితం ఉండదు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ మలుపు, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి అన్నది ముందు నడిచినవాళ్ళు వెనకవాళ్ళకి చెబుతారు. మా కొండల్లో సంతకి వెళ్ళే దారి కూడా ఇలాగే ఒకరి నుంచి ఒకరికి వస్తుంది.

కాగితం మీద మ్యాపు కొలతతో మొదలైంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసు పరచి మొదటి ఆధార రేఖ కొలవడం ప్రారంభించాడు. అక్కడి నుంచి కొండకీ కొండకీ మధ్య త్రికోణాలు కట్టుకుంటూ దేశమంతా కొలిచారు. విశాఖపట్నం దగ్గర కూడా 1862-63లో ఒక ఆధార రేఖ కొలిచారు. అంతకు ముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు ఇదే పట్నంలో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం అక్కడి నుంచి చూసి లెక్క రాశాడు. కొలతలన్నీ దొరలే చేశారని అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలని ఇక్కడ రాశాం.

సర్వేకి కావలసింది ఎత్తైన శిఖరం. మా వాళ్ళు దేవతని పెట్టుకునేదీ శిఖరం మీదే. సర్వేవాళ్ళు శిఖరం మీద చెట్లు కొట్టించి జెండా పాతేవారు, సామాను మోయడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని పిలిచేవారు. పేరు అడిగేవాడికి మా భాష రాదు, చెప్పేవాడికి వాడి భాష రాదు, మధ్యలో దుబాసీ విన్నదే కాగితం ఎక్కేది. విశాఖపట్నం లాంటి పెద్ద పట్నమే వాళ్ళ కాగితాల్లో విజగపట్నం అయిపోయింది. ఇక మా గూడేల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. గోదావరి, కృష్ణల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ 1819లో జార్జి ఎవరెస్టు జ్వరంతో మంచాన పడ్డాడు. తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ఆ కొండ కింద ఉన్నవాళ్ళు అప్పటికే దానికి పెట్టుకున్న పేరు ఉంది.

మ్యాపు గీయడమంటే గీత గీయడం కూడా. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు చట్టాల పరిధి నుంచి విడదీసి కలెక్టరుని ఏజెంటుగా పెట్టారు. ఏజెన్సీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఇప్పటికీ మమ్మల్ని ఏజెన్సీవాళ్ళు అనే పిలుస్తారు.

గీత గీశాక దారి వేశారు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారి పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మా వాళ్ళ చేత చాలీచాలని కూలికి, కొట్టి మరీ చాకిరీ చేయించాడు. 1922 పితూరీకి అదొక కారణమని చరిత్ర రాసినవాళ్ళందరూ ఒప్పుకున్నదే. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు రామరాజు దళం చేతికి చిక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి, సర్కారు కొలిచి గీసిన మ్యాపులున్నాయి. గాం గంటందొర, మల్లుదొర వాళ్ళ దగ్గర ఉన్నది ఏ బండ వెనక దారి ఎటు తిరుగుతుందో తెలిసిన ఎరుక. రెండేళ్ళపాటు ఆ ఎరుకే వాళ్ళని కాపాడింది. సీతమ్మధార విగ్రహం దగ్గర ఫొటో తీసుకునేవాళ్ళకి విల్లూ బాణమూ కనిపిస్తాయి. ఈ దారుల ఎరుక విగ్రహంలో చూపించడం ఏ శిల్పికీ సాధ్యం కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మ్యాపు జనం చేతికి రాలేదు. సర్వే ఆఫ్ ఇండియా వేసిన వివరమైన షీట్లలో తీరం పొడవునా ఉన్నవి మామూలు మనిషికి అమ్మేవారు కాదు. విశాఖపట్నంలో రేవు ఉంది, 1968 నుంచి తూర్పు నౌకాదళ స్థావరం ఉంది, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది. కాబట్టి కట్టుదిట్టం ఎక్కువే. మేము శిక్షణ డిప్లొమా చదివే రోజుల్లో భూగోళం పాఠానికి గోడమీద వేలాడే జిల్లా పటం ఒక్కటే ఉండేది. అందులో మన్యం అంతా ఒకే ఆకుపచ్చ మరక. దానిమీద నాలుగైదు మండల కేంద్రాల పేర్లు, అంతే.

2005లో రెండు జరిగాయి. మే నెలలో జాతీయ మ్యాపు విధానం వచ్చి, జనానికి ఒక రకం షీట్లు, సైన్యానికి ఇంకో రకం అని విడదీసింది. అదే ఏడాది గూగుల్ మ్యాప్స్, గూగుల్ ఎర్త్ వచ్చాయి. బీరువాలో దాచిన ఊరు ఆకాశం నుంచి తీసిన బొమ్మగా అందరికీ కనిపించింది. అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం అక్టోబరులో హైదరాబాదు పోలీసు అకాడమీలో మాట్లాడుతూ దీనివల్ల భద్రతకి ముప్పు అని హెచ్చరించారు. 2013లో గూగుల్ మన దేశంలో మ్యాపథాన్ అని పోటీ పెట్టి, జనం చేత తమ చుట్టుపక్కల చోట్లని మ్యాపులోకి ఎక్కించింది. దానిమీద సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, సీబీఐ విచారణ కూడా మొదలైంది. వీధుల ఫొటోలు కారు మీద కెమెరాతో తీసే పని 2011లో బెంగళూరులో మొదలై ఆగిపోయింది. మళ్ళీ అనుమతి వచ్చి 2022 జులైలో 10 నగరాలతో ప్రారంభించారు. ఆ పదిలో హైదరాబాదు ఉంది, విశాఖపట్నం లేదు.

అందుకే విశాఖలో ఏ వీధి ఎలా ఉంటుందో లోకానికి చూపించినవాళ్ళు చాలావరకు ఫోను చేతిలో ఉన్న మామూలు మనుషులే. ఒక ఫొటోకి 5 పాయింట్లు, లేని చోటుని కొత్తగా చేరిస్తే 15 అని గూగుల్ లెక్క కట్టింది. డబ్బులు రావు. అయినా జనం పెడుతూనే ఉన్నారు. కానీ పెట్టేవాడు తను తిరిగే చోటే పెడతాడు. హోటల్లో తిన్నవాడు హోటలు పెట్టాడు. ధార దగ్గరికి బిందెతో వెళ్ళిన ఆడమనిషి దగ్గర అప్పుడు ఫోను లేదు. ఫోను వచ్చేసరికి ఆవిడ ఇంట్లో కుళాయి ఉంది. సీతమ్మధార ఫొటోల్లో ధార లేకపోవడానికి మాకు తోచిన కారణం ఇదే.

మా కొండల్లో కథ దీనికి తిరగబడింది. అక్కడ ఫొటోలు లేకపోవడం కాదు, ఫొటోలే ముందొచ్చాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బులు కాళ్ళ కింద పాలకుండ పొంగినట్టు ఉంటాయి. మా వాళ్ళు తరతరాలుగా చూస్తున్నదే. ఎవరో ఫోనుతో తీసి పెట్టారు. కొన్నేళ్ళలోనే చలికాలం శనివారం రాత్రి వస్తే ఆ దారి నిండా కార్లు. ఆ శిఖరాన్ని ఊరివాళ్ళు బోనంగమ్మ పేరుతో పిలుచుకుంటారు. వచ్చేవాళ్ళకి అది మేఘాల కొండ. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఉంది, వచ్చేవాళ్ళకి అది ఆంధ్రా కశ్మీరు. మా తాతల చేత కొట్టి వేయించిన ఆ ఘాటు రోడ్డు మీదే ఇప్పుడు వాళ్ళు కారు ఆపి సెల్ఫీ దిగుతారు.

దీన్ని ఒక్క మాటలో మంచిదనో చెడ్డదనో మేము అనలేం. మా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు అక్కడ టీకొట్టు పెట్టారు, గుడారాలు అద్దెకి ఇస్తున్నారు. సోమవారం పొద్దున అదే పిల్లలు ప్లాస్టిక్ సీసాలు ఏరుతున్నారు.

ఒకరు రాసిన తప్పు అందరి ఫోన్లలోకి ఎలా పాకుతుందో బొర్రా గుహల దగ్గర చూడండి. 1807లో భారత భూగర్భ సర్వేకి చెందిన విలియం కింగ్ వీటిని కనిపెట్టాడని ఎక్కడ చూసినా ఉంటుంది. భూగర్భ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. పుట్టని సంస్థ ఉద్యోగి గుహల్ని ఎలా కనిపెడతాడు? పైగా ఆ గుహలో లింగాన్ని ఆవు కథ చెప్పుకుంటూ పూజిస్తున్న ఆదివాసుల్ని ఎవరు కనిపెట్టినట్టు? ఇదే బొర్రా పంచాయతీ గనుల తగాదా మీద 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ఆదివాసేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. గుహలు చూసి వచ్చినవాళ్ళు 1807 సంగతి రాస్తారు. 1997 సంగతి రాసినవాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు.

విహారయాత్ర నుంచి తిరిగి వచ్చాక మా బడిలో ఒక పని మొదలుపెట్టాం. పిల్లలు ఇంటికి వెళ్ళి అమ్మమ్మల్నీ తాతల్నీ అడిగి ఊరి చుట్టూ ఉన్న ప్రతి చోటు పేరూ రాసుకురావాలి. గెడ్డ, మెట్ట, పోడు, ఊట, పశువులు నీళ్ళు తాగే మడుగు, అన్నీ. మేము 20 పేర్లు వస్తాయనుకున్నాం. 143 వచ్చాయి. మ్యాపులో వెతికితే మా ఊరి పేరు ఒక్కటే కనిపించింది. అదీ గెడ్డకి అవతల, ఎవరూ లేని కొండ మీద.

నవ్వుకునే విషయం కాదది. పోయిన వానాకాలం నెలలు నిండిన అమ్మాయికి నొప్పులొస్తే అంబులెన్సు మ్యాపు చూసుకుంటూ అవతలి దారిలోకి వెళ్ళి ఆగిపోయింది. ఇవతల మావాళ్ళు డోలీ కట్టి మోసుకుంటూ 4 కిలోమీటర్లు నడిచారు. తల్లీ బిడ్డా బతికారు. ఆ వారమే మేము బడి బోర్డు ఫొటో, గెడ్డ దాటే చోటు ఫొటో తీసి, ఊరి గుర్తుని సరైన చోటికి మార్చమని మ్యాపుకి పంపాం. ఫోనుకి సిగ్నలు లేకపోయినా చోటు ఎక్కడో తెలుస్తుంది. అది టవరు నుంచి కాదు, సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వస్తుంది. ఫొటో తీసేటప్పుడు లొకేషన్ ఆన్ చేసి ఉంచితే ఆ గుర్తు ఫొటోలోనే దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ గుర్తు పోతుంది. ఇదంతా పిల్లలకి రెండు పూటల్లో వచ్చేసింది, మాకే నాలుగు రోజులు పట్టింది. మూడో వారంలో ఊరు గెడ్డ దాటి ఇవతలికి వచ్చింది.

మిగతా 142 పేర్ల సంగతి అంత సులువుగా తేలలేదు. ఇటుకల పండగ అయ్యాక ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడిగాం. పిల్లలు ఒక్కొక్క పేరూ చదివారు. ఊటల దగ్గర ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, నీళ్ళు అందరివీ అన్నారు. జలపాతం దగ్గర కుర్రాళ్ళు పెట్టాలన్నారు, ఆడవాళ్ళు వద్దన్నారు. స్నానాలకి వెళ్ళేది అక్కడికే. వంజంగి మాట రెండు వైపులవాళ్ళూ ఎత్తారు. శంకుదేవుడి చోటు పేరు చదవగానే ఒక ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మాస్టారు బాబూ, ఆ చోటుకి చెప్పుల కాళ్ళతో మేమే వెళ్ళం. నువ్వు బొమ్మ పెడితే వచ్చేవాడి కాళ్ళు నువ్వు కడుగుతావా?"

జవాబు మా దగ్గర లేదు. ఆ పేరు కొట్టేశాం. జలపాతం కూడా మానేశాం. కుర్రాళ్ళు మాతో వారం రోజులు మాట్లాడలేదు. చివరికి 31 పేర్లు మ్యాపుకి వెళ్ళాయి. మొత్తం 143 మాత్రం బడిలో ఒక నోటుబుక్కులో తెలుగు లిపిలో, పెద్దలు పలికినట్టే రాసి ఉన్నాయి. మా ఊరి పేరు ఈ వ్యాసంలో లేకపోవడానికి కారణం కూడా ఆ ముసలమ్మే.

ఈ ఆషాఢంలో పని మీద మళ్ళీ విశాఖ వెళ్ళినప్పుడు సీతమ్మధారలో దిగాం. వాన పడి వెలిసింది. కొండ వైపు సందుల్లో నడిచాం. ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ మా యాస విని ఏ ఊరని అడిగాడు. అతనిది హుకుంపేట అవతల. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ధార సంగతి చెబితే నవ్వి, "మోటారు షెడ్డు వెనక్కి రండి" అని తీసుకెళ్ళాడు. కొండని కోసి కట్టిన గోడ ఉంది. గోడ పాదంలో నాచు పట్టిన చోటు నుంచి సన్నగా నీరు దిగి కాలవలో కలుస్తోంది. ఎండాకాలం ఆగిపోతుంది, నాలుగు వానలు పడితే మళ్ళీ వస్తుంది, ఎంత సిమెంటు పూసినా ఆగడం లేదు, ఇంటివాళ్ళు విసుక్కుంటున్నారు అన్నాడు. దోసిలి పట్టి చూశాం, చల్లగా ఉంది.

ఇంటి నెంబరూ గేటూ పడకుండా గోడనీ నీటినీ మాత్రమే ఫొటో తీసి, సీతమ్మధార పేరు కింద పెట్టాం. "కొండ నుంచి దిగుతున్న నీరు, ఆషాఢం" అని కింద రాశాం. బిర్యానీకీ బాల్కనీకీ మధ్య అది చేరింది. బడికి వెళ్ళాక ఆ కుర్రాడికి చూపించాం. వాడిప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఇంతేనా మాస్టారూ? మన ఊట దీనికి పదింతలుంటాది," అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "బిందె పెట్టడానికి చోటు ఉందా అక్కడ?" అని అడిగాడు.